కడుపులో ఏముంది?

రాక్షసిబల్లి అనగానే కొండంత ఆకారం ఊహించుకుంటాం. 1850లలో జర్మనీలోని బవేరియాలో దొరికిన కాంప్సోగ్నాథస్ పొడవు తోకతో కలిపి సుమారు 3 అడుగులు. తోక తీసేస్తే పెరటికోడికి కాస్త అటూ ఇటూ!

15 కోట్ల ఏళ్ల కిందట అక్కడ వెచ్చని సముద్రం, దాని అంచున ఉప్పునీటి కయ్యలు ఉండేవి. మన పులికాట్‌కు ఇసుకతిన్నెలు అడ్డమైతే, వాటికి పగడపుదిబ్బలు. అడుగునీళ్లు మరీ ఉప్పన, ప్రాణవాయువు కరువు. అందులో పడిన కళేబరాన్ని కెలికే పురుగు కూడా ఉండేది కాదు. మీద సున్నపుబురద మెత్తగా పేరుకుని, మన ఇళ్లలో పరిచే బండల్లాగా పలకలు కట్టింది.

మన చిన్నారి రాక్షసి డొక్కలో మరో బుల్లి అస్థిపంజరం ఉంది. 1881లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు మార్ష్, అది కడుపులోని బిడ్డే అన్నాడు. నిండుచూలాలు నీటిపాలైందన్నమాట, పాపం! 22 ఏళ్లు ఆవిడకు తల్లి హోదా దక్కింది. 1903లో నోప్చా వచ్చి, బిడ్డా లేదు పాడూ లేదు, అది మింగిన బల్లి అని తేల్చేశాడు.

నాకైతే నోప్చా మీద కోపమే వచ్చింది. 1978లో ఆస్ట్రమ్ చెప్పిన సంగతి చదివాక చల్లబడ్డాను. ఆ బల్లి పొడుగు తోకతో పరుగులో దిట్టట! దాన్ని పట్టుకోవాలంటే ఈవిడ కాళ్లెంత చురుకు, చూపెంత వాడి అయివుండాలి! తల్లిగా ఉన్నప్పుడు తెలియని గుణం భోజనం వల్ల తెలిసింది చూశారూ!

ఆస్ట్రమ్ ఆ బల్లిని బవారిసారస్ అనే పాత జాతిలో కలిపాడు. కాదు, ఇది వేరే జాతి అంటూ 2018లో కాన్రాడ్ దానికి షోనెస్‌మాల్ డిస్పెప్సియా అని నామకరణం చేశాడు. జర్మన్ భాషలో 'షోనెస్ మాల్' అంటే చక్కని భోజనం. రెండో మాటకు అర్థం, అరగనిది.