విధినిషేధములకు ముందు విచారణ: గంజాయి చట్టచరిత్రలో ప్రజావాక్కు

మీమాంసాశాస్త్రమున అధికరణమునకు ఐదంగములు చెప్పబడినవి: విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి. పూర్వపక్షమును దాని సంపూర్ణబలముతో నిలిపి, పిదప సమాధానము చెప్పినప్పుడే సిద్ధాంతమునకు గౌరవము. రాజ్యము శాసించు విధినిషేధములకును ఈ నియమము వర్తింపదగినది. గంజాయి విషయమున మన దేశమున ఒకమారు ఇట్టి విచారణ విస్తారముగా జరిగినది. తరువాతి చట్టము దానిని దాదాపు విస్మరించినది.

ఇచ్ఛాపురము మొదలు పలాస, టెక్కలి మీదుగా సాగు 16వ జాతీయరహదారి ప్రక్కన నివసించువారికి ఇది పరోక్షవిషయము కాదు. ఒడిశా కొండలనుండియు, మన మన్యమునుండియు బయలుదేరు సరకు ఈ రహదారిని, హావ్‌డా–చెన్నై రైలుమార్గమును ఆశ్రయించి సాగుచుండును. పట్టుబడువారిలో కూలికి మూట మోయువారు అనేకులు. కావున ఈ చట్టము ఎట్లు పుట్టినదో, దానిని మార్చుటకు ఎవరు ఎవరిని అడిగిరో తెలిసికొనుట ఈ ప్రాంతమువారికి అవసరము.

ముందుగా శాస్త్రదృష్టి. అథర్వవేదమున సోమము ముఖ్యముగా గల ఓషధుల నడుమ భంగశబ్దము వినబడుచున్నది. అది నేటి మొక్కయేనా యను విషయమున పండితులలో అభిప్రాయభేదము కలదు. ఆయుర్వేదమున దీనికి విజయ యని పేరు. జీర్ణము కాకముందే దేహమంతటను వ్యాపించు ద్రవ్యమును శార్ఙ్గధరుడు ‘వ్యవాయి’ యని నిర్వచించి, భంగను, నల్లమందును ఉదాహరించెను. అనగా మన వైద్యులు దీనిని అమృతమని స్తుతింపలేదు, కేవలవిషమని త్యజింపనూ లేదు. గుణమునెరిగి, మాత్రను నిర్ణయించిరి.

ఇక చరిత్ర. 1893లో టెక్కలి, పలాస ప్రాంతములు చెన్నపురి రాజధానిలోని గంజాము జిల్లాకు చెందియుండెను. (గంజాము పేరునకు గంజాయితో సంబంధము కల్పించుట ధ్వనిసామ్యమాత్రమే. ధాన్యాగారమను అర్థమున ఆ పేరు వచ్చినదని చెప్పుదురు.) ఆ సంవత్సరము మార్చి 2న బ్రిటిష్ పార్లమెంటులో మద్యనిషేధవాదియగు విలియం స్ప్రోస్టన్ కెయిన్ వంగదేశపు గంజాయి సాగును గూర్చి ప్రశ్నించెను. ప్రజలు తమ ప్రతినిధులద్వారా నిషేధమును కోరిన సందర్భమిది. అయితే ఆ ప్రజలు ఆంగ్లేయ సంస్కర్తలు. ఆ మొక్కను ఎరిగిన భారతీయులకు ఆ సభలో ఓటు లేదు.

ఆ ప్రశ్న ఫలితముగా 1893 జూలైలో భారతప్రభుత్వము ఒక కమిషనును నియమించినది. డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. ఏడుగురు సభ్యులలో ముగ్గురు భారతీయులు. వారు దేశమంతట పర్యటించి, వైద్యులు, అధికారులు, రైతులు, సాధువులు మున్నగు 1,193 మంది సాక్ష్యమును గ్రహించిరి. గంజాయివలన పిచ్చియెక్కెనని పిచ్చాసుపత్రులలో వ్రాయబడిన నమోదులను ఒక్కొక్కటిగా పరీక్షించి, వానిలో అనేకములు నమ్మదగినవి కావని తేల్చిరి. 1894 నివేదికయొక్క సారమిది: మితోపయోగమువలన చెప్పదగిన హాని లేదు, అతియోగము హానికరము, సంపూర్ణనిషేధము అవసరము కాదు, ఉచితమును కాదు. పన్ను, లైసెన్సు, పరిమితి అను మూడింటితో నియంత్రించుట మేలు.

ఈ నివేదికకును లోపము కలదు. అబ్కారీ ఆదాయమును ఆశించు ప్రభుత్వమే విచారణకర్త యగుటచే నిష్పక్షపాతమును శంకించువారికి అవకాశము మిగిలినది. అయినను పూర్వపక్షమును సావధానముగా విన్నదన్న కీర్తి దానికి దక్కవలెను.

1919 సంస్కరణలతో అబ్కారీశాఖ శాసనసభకు బాధ్యులగు మంత్రులచేతికి వచ్చెను. అప్పుడు ఓటరు తొలిసారిగా మత్తుపదార్థములను గూర్చి ఎన్నుకొన్న ప్రతినిధిని అడుగగలిగెను. అడిగినది మాత్రము నిషేధమునే. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గము సేలము జిల్లాతో మద్యనిషేధమును ప్రారంభించినది. ఆ చట్టము మత్తుమందులకును వర్తించినది. మన రాజ్యాంగపు 47వ అధికరణము సైతము, ఔషధప్రయోజనమును మినహాయించి, ఆరోగ్యమునకు హానికరములగు మత్తుపదార్థముల నిషేధమునకై రాజ్యము యత్నింపవలెనని చెప్పుచున్నది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాయికి ఎదురునిలిచి ప్రభుత్వములను కదలించిరి. 1995లో రాష్ట్రమంతట మద్యనిషేధము అమలైనది, 1997లో సడలినది. ఆంధ్రదేశమున ప్రజాభ్యర్థన ప్రధానముగా నిషేధమువైపే నడచినదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

గంజాయి చట్టమునకు అట్టి ప్రజాభ్యర్థన కారణము కాదు. 1961 అంతర్జాతీయ ఒడంబడిక సంప్రదాయోపయోగమును నిలుపుటకు 25 సంవత్సరముల గడువిచ్చినది. ఆ గడువు ముగియవచ్చుచుండగా, 1985లో మాదకద్రవ్యముల చట్టము పార్లమెంటులో త్వరితముగా ఆమోదింపబడి నవంబరు 14న అమలులోనికి వచ్చినది. అది పూవును, బంకను నిషేధించి, పూత లేని ఆకును విడిచినది. భంగు నేటికిని కొన్ని రాష్ట్రములలో లైసెన్సుతో విక్రయింపబడుట ఇందువలననే. గంజాయి ఒక కిలోవరకు స్వల్పపరిమాణము. 20 కిలోలు మించినచో వాణిజ్యపరిమాణము, పదినుండి ఇరువదియేండ్ల కారాగారము. అప్పుడు జామీను దుర్లభము. ఈ కొలత మూటకు పెట్టుబడి పెట్టినవానిని, మోసినవానిని వేరుచేయదు.

దీనిని మార్చుమని ఇటీవల కొందరు ప్రజాప్రతినిధులే గొంతెత్తిరి. ఒడిశాలోని ఢెంకనాల్ ఎంపీగా తథాగత శతపథి నిషేధమును బహిరంగముగా విమర్శించెను. పటియాలా ఎంపీ ధర్మవీర గాంధీ 2016లో సవరణ బిల్లును సిద్ధపరచెను. ఉత్తరాఖండము 2018లో పారిశ్రామిక జనుము సాగుకు లైసెన్సునిచ్చెను. హిమాచలమున శాసనసభ్యుల సమితి విచారించి సమర్పించిన నివేదికను 2024లో శాసనసభ ఆమోదించెను. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యసంఘమున, గంజాయిని అత్యంతప్రమాదకర జాబితానుండి తొలగించు తీర్మానము 27–25 ఓట్లతో నెగ్గినది. భారతదేశము అనుకూలముగా ఓటువేసినది.

మన రాష్ట్రమున కథ వేరు. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేర మన్యములోని వేలాది ఎకరముల పంట నరకబడినది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున రెండులక్షల కిలోల గంజాయి దగ్ధము చేయబడినది. యువకుల చదువులు, కుటుంబముల శాంతి ఈ వ్యసనముచే చెడుచున్నవని తల్లిదండ్రులు భయపడుట న్యాయము. ఇది పూర్వపక్షము కాదు, ప్రత్యక్షము. పదిహేనేండ్ల బాలునికి మితోపయోగమును బోధించు శాస్త్రము ఎక్కడను లేదు.

అయినచో పలాస, టెక్కలి పౌరుడు తన ఎమ్మెల్యేను, ఎంపీని ఏమి అడుగవలెను? ఈ గడ్డకు అడుగుట తెలియనిది కాదు. 1940 మార్చిలో అఖిలభారత కిసాన్ సభ పలాసలో సమావేశమైనది. కొలదిదినములకే, అడవిలో కట్టెలు కొట్టుకొను హక్కుకై మందస జమీందారీ రైతులు నిలిచినప్పుడు గున్నమ్మ తుపాకిగుండ్లకు బలియయ్యెను. మూత్రపిండవ్యాధి ఉద్దానమును పీడించినప్పుడు, కారణమేదో కనుగొనుమని ప్రజలు ఏండ్లతరబడి పట్టుబట్టిరి. పలాసలో 2023లో పరిశోధనకేంద్రము, రెండువందల పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. మందు మాత్రమే కాక నిదానమును అడుగుట ఈ ప్రాంతపు అలవాటు.

గంజాయి విషయమునను అదే అడుగవలెను. ఈ చట్టము కేంద్రమునిది గాన ముఖ్యభారము ఎంపీలది. ఆకును, పూవును చట్టమే వేరుచేసినది. వైద్యమును, వ్యసనమును, పెట్టుబడిదారుని, కూలివానిని సైతము అట్లే వేరుచేయవలెనా? 1894 నివేదికవలె సాక్ష్యములు విని, దానివలె ఆదాయాపేక్ష లేక, నూతనవిచారణ ఎవరు జరిపెదరు? అనుమతి కోరువాడైనను, నిషేధము కోరువాడైనను ఈ రెండు ప్రశ్నలను నిస్సంకోచముగా అడుగవచ్చును. సంశయము తీరనిచో సిద్ధాంతమును ప్రకటింపరాదని మన శాస్త్రము నేర్పినది. ఇరువదియేండ్ల శిక్షను విధించు శాసనమునకు అంతకంటె తక్కువ నియమము చాలదు.