ఆరుబయట బల్లకు పైన ఏం వేయాలి?

బడి ఆవరణలో గానీ, ఇంటి ముందర గానీ ఒక బల్ల వేసుకుందాం అనుకున్నప్పుడు అందరూ మొదట అడిగేది ‘ఎన్నేళ్ళు మన్నుతుంది?’ అని. అడగాల్సిందే. కానీ పిల్లలు కూర్చుని అన్నం తినే బల్ల అయితే అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది: ‘మే నెల మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టగలమా?’ వేడికి చెడిపోని వస్తువు వేరు, చేతిని కాల్చని వస్తువు వేరు. రెండూ ఒకటే అనుకుంటే, డబ్బు పెట్టి వేసిన బల్ల ఎండాకాలమంతా ఖాళీగా పడి ఉంటుంది.

చెయ్యి ఎందుకు కాలుతుంది?

మన తెక్కలకోట వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అది గాలి వేడి మాత్రమే. నేరుగా ఎండ తగిలే నల్లరాయి, ఇనుము ఇంకా చాలా ఎక్కువ వేడెక్కి 60 డిగ్రీలు కూడా దాటుతాయి. అంత వేడి లోహం మీద కొన్ని సెకన్లు చెయ్యి ఉంచితే చర్మం కాలుతుంది.

పిల్లలూ, ఒకే ఎండలో ఉన్న ఇనుప గేటును, చెక్క తలుపును జాగ్రత్తగా తాకి చూడండి. గేటు చురుక్కుమంటుంది, తలుపు అంతగా కాలదు. లోహం తనలోని వేడిని గబగబా చేతిలోకి పంపిస్తుంది, చెక్క మెల్లగా పంపిస్తుంది. రాయి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. రంగు కూడా లెక్కలోకి వస్తుంది. నలుపు ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది, లేత రంగు చాలావరకు వెనక్కి పంపేస్తుంది.

ఒక్కొక్కటీ చూద్దాం

గ్రానైట్: భూమి లోపల కరిగిన రాతిద్రవం మెల్లగా చల్లారి గట్టిపడిన రాయి ఇది. వేడి గిన్నెకు, వానకు, పులుసుకు దేనికీ లొంగదు. ఇలకల్లు ఎర్రరాయి, లేత బూడిదరంగు రాయి, చీమకుర్తి నల్లరాయి అంగళ్ళలో దొరుకుతాయి. నల్లది చూడ్డానికి బాగుంటుంది గానీ ఎండలో వద్దు. లేత రంగుదే తీసుకోండి.

కడప బండ: చవక, అందరికీ తెలిసినది. కానీ ఇది నల్ల సున్నపురాయి. ఎండకు బాగా కాగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ కొన్ని బండలు పొరలు పొరలుగా లేస్తాయి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ నిలిచిపోతుంది. నీడపట్టున అయితే పనికొస్తుంది.

శాబాదు, తాండూరు, బేతంచర్ల బండలు: ఇవీ సున్నపురాళ్ళే. రంగు లేతగా ఉన్నవి కడప బండ కంటే తక్కువ కాగుతాయి. పులుసు మచ్చల బాధ మాత్రం వీటికీ తప్పదు.

సిమెంటు పలక: లోపల కమ్మీ వేసి పోస్తే గట్టిగా ఉంటుంది. మన ఊరి మేస్త్రీలే చేయగలరు. పోసిన తరువాత కనీసం ఏడు రోజులు తడపాలి. కమ్మీ పైకి తేలితే వాన నీటికి తుప్పు పట్టి సిమెంటు పగులుతుంది.

స్టీలు: తుప్పు పట్టదు, కడగడం సులువు. వంటగదిలో దీనికి సాటి లేదు. ఎండలో పిల్లల చేతులకు మాత్రం అన్నిటికంటే ప్రమాదం ఇదే.

చెక్క: చేతికి హాయిగా ఉంటుంది. టేకు అయితే వాననూ తట్టుకుంటుంది, కానీ ఖరీదు. ఏటా నూనె పట్టించాలి, చెదలు చూసుకోవాలి. వేడి గిన్నె పెడితే నల్లగా కాలిన మచ్చ పడుతుంది.

ప్లైవుడ్, సన్‌మైకా, ప్లాస్టిక్: ఆరుబయటకు పనికిరావు. మామూలు ప్లైవుడ్ అంచుల నుంచి నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, సన్‌మైకా ఊడుతుంది, ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి విరుగుతుంది. కృత్రిమ క్వార్ట్జ్ పలకలో రాతిపొడిని అంటించి ఉంచేది జిగురే. వేడి గిన్నెకూ ఎండకూ ఆ జిగురు రంగు మారుతుంది.

అంగడిలో మూడు పరీక్షలు

1. రాతి ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. సన్న బుడగలు వచ్చినా, మెరుపు పోయి మచ్చ పడినా అది సున్నపురాయి.
2. పాలిష్ లేని వైపు నీటిచుక్క వేయండి. చుక్క త్వరగా ఇంకిపోతే ఆ రాయి నూనె, పసుపు మరకలను కూడా అలాగే పీల్చుకుంటుంది.
3. నాణెంతో తట్టండి. గంటలా ఖంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే లోపల పగులు ఉండొచ్చు.

వేసేటప్పుడు

ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 30 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలక సుమారు 110 కిలోలు తూగుతుంది. సన్న ఇనుప కాళ్ళ మీద నిలబెట్టకండి, పిల్లలు ఎక్కితే ఒరిగిపోవచ్చు. ఇటుక గోడలు కట్టి, సిమెంటు పరిచి దాని మీద కూర్చోబెట్టండి. గోడల మధ్య దూరం రెండున్నర అడుగులు మించకూడదు, అంచు బయటికి అర అడుగు కంటే ఎక్కువ రాకూడదు. మూలలను గుండ్రంగా అరగదీయించండి, చిన్నపిల్లల తల తగిలేది సరిగ్గా అక్కడే. నీళ్ళు నిలవకుండా ఒక వైపుకు కొంచెం వాలు ఇవ్వండి.

గ్రానైట్ అయినా సరే, పొయ్యి మీది గుండిగను దించి నేరుగా పెట్టకండి. ఒకే చోట ఉన్నట్టుండి వేడి తగిలితే పలక బీటలు వారవచ్చు. కింద కుదురో, చెక్క పలకో వేయండి. ఆస్‌బెస్టాస్ రేకు ముక్కను మాత్రం వాడొద్దు, దాని పొడి ఊపిరితిత్తులకు హాని.

ఇంకో మాట. ‘మన గుట్టల్లోనే రాయి ఉంది కదా, కొనడమెందుకు?’ అని కొందరు అడుగుతారు. ఆ గుట్టల్లో 1963–64లో ఎం.ఎస్. నాగరాజరావు తవ్వకాలు జరిపి, మూడున్నర వేల ఏళ్ళకు పైబడిన కొత్తరాతియుగపు మనుషుల నివాసాలను వెలికితీశారు. ఆ రాళ్ళు మన ఊరి పాఠ్యపుస్తకం, వాటిని పగలగొట్టి తేవద్దు.

చివరికి ఏది?

లేత బూడిదరంగు గ్రానైట్, 30 మిల్లీమీటర్ల మందం, పైన వేపచెట్టో కానుగచెట్టో నీడ. డబ్బు తక్కువైతే సిమెంటు పలక, మీద లేత రంగు. నీడ లేకపోతే ఎంత మంచి రాయి వేసినా మధ్యాహ్నం పిల్లలు దాని దగ్గర కూర్చోలేరు. అందుకే బల్ల వేయాలనుకున్న చోట ముందు మొక్క నాటండి, లేదా చెట్టు ఉన్న చోటే బల్ల వేయండి.