లోర్ష్ పట్టణము, దాని మఠము

జర్మనీ దేశమున హెస్సె రాష్ట్రములో, రైను నదికిని ఓడెన్‌వాల్డ్ కొండలకును నడుమ, లోర్ష్ అను చిన్న పట్టణము కలదు. ఊరి నడుమ మూడు కమానులపై నిలిచిన మండపమొకటి కానవచ్చును. దాని ముఖభాగమును ఎరుపు, తెలుపు రాళ్లతో అలంకరించిరి. వెయ్యి సంవత్సరములకు పూర్వపుదైన ఈ మండపము ఒకప్పటి మహామఠములోనిది. 1991లో యునెస్కో దీనిని, మఠపు శిథిలములను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

764లో కాంకోర్ అను ప్రభువు తన తల్లితో కలిసి వెష్నిట్స్ అను చిన్న నది యొద్ద ఈ మఠమును స్థాపించెను. మరుసటి యేడు నజారియస్ అను క్రైస్తవ పుణ్యపురుషుని అస్థికలను రోమునుండి తెచ్చి ఇచ్చట ఉంచిరి. వానిని దర్శించుటకు యాత్రికులు రాసాగిరి; భక్తులు పొలములను, ద్రాక్షతోటలను దానమిచ్చిరి. 772లో షార్లమేన్ రాజు మఠమును తన రక్షణలోనికి తీసికొనెను. ఇంత పెద్ద సంస్థకు సేద్యగాండ్రు, పనివాండ్రు కావలసి వచ్చిరి. వారి ఇండ్లతో మఠము చెంత ఊరు పెరిగినది.

మఠమున వ్రాతపనికి ప్రత్యేక స్థానముండెను. అచ్చట సుమారు 795 ప్రాంతమున ఒక వైద్యగ్రంథము తయారైనది. రోగము దైవము పంపినదైనచో, మందు వేయుట దైవసంకల్పమునకు అడ్డుపడుట కాదా యని ఆ కాలమున కొందరు శంకించుచుండిరి. గ్రంథము ఆరంభముననే దీనికి సమాధానము చెప్పినది: ఓషధులును భగవంతుని సృష్టియే, రోగికి చికిత్స చేయుట దయాధర్మమే. అటుపిమ్మట నాలుగు వందల ఎనుబదికి పైగా ఔషధయోగములు వివరింపబడినవి. ఈ గ్రంథము నేడు బాంబెర్గ్ నగరపు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

12వ శతాబ్దిలో మఠము క్షీణింపసాగెను. దానభూములపై తమ హక్కును నిరూపించుకొనుటకై సన్న్యాసులు పాత దానపత్రములను ఒకే గ్రంథమునకు ఎక్కించిరి. అందు 3,800కు పైగా పత్రములున్నవి. కాని ఆ ప్రయత్నము మఠమును కాపాడలేదు. 1232లో రెండవ ఫ్రెడెరిక్ చక్రవర్తి మఠమును మైంజ్ ఆర్చిబిషప్పునకు ఇచ్చివేసెను.

ఆనాడు మఠమునకు అక్కరకు రాని ఈ గ్రంథము తరువాతి చరిత్రకారులకు పెన్నిధియైనది. నైరృతి జర్మనీలోని వందలాది ఊళ్ల పేర్లు మొట్టమొదట కనబడునది ఈ పత్రములందే. ఆ సంవత్సరములను బట్టియే పెక్కు ఊళ్లు తమ 1,200వ వార్షికోత్సవములను జరుపుకొన్నవి. ఇచ్చట విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. ఒక ఊరి పేరు పత్రములో మొదట కనబడిన యేడు ఆ ఊరు పుట్టిన యేడు కాదు. దానమిచ్చుటకు అచ్చట భూమి, దానిని దున్నువారు అప్పటికే ఉండిరి గదా!

16వ శతాబ్దిలో మతసంస్కరణోద్యమము వలన మఠము మూతపడెను. గ్రంథములలో పెక్కింటిని హైడెల్‌బెర్గ్ నగరమునకు తరలించిరి. తరువాత ముప్పది సంవత్సరముల యుద్ధమున, 1621లో, మఠము అగ్నికి ఆహుతియైనది. మిగిలిన గోడల రాళ్లను జనులు తమ కట్టడములకు తీసికొనిపోయిరి. 1623లో హైడెల్‌బెర్గ్ గ్రంథాలయమును విజేతలు రోమునకు చేర్చగా, లోర్ష్ గ్రంథములు కొన్ని వాటికన్‌కు చేరినవి. తరలింపబడినందుననే అవి 1621 నాటి మంటలనుండి తప్పించుకొన్నవి!

ఇట్లు దేశదేశముల చెదరిన లోర్ష్ గ్రంథములు మూడు వందలకు పైగా నేటికిని మిగిలియున్నవి. 2010లో హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయము వాని పుటలకు ఛాయాచిత్రములు తీసి ఇంటర్నెట్టులో ఒకచోట చేర్చుటకు పూనుకొన్నది. మఠమును తిరిగి కట్టుట సాధ్యము కాదు. కాని దాని గ్రంథాలయమును మాత్రము నేడు ఏ పాఠశాలలోని విద్యార్థియైనను తెరచి చూడవచ్చును.