ల్యాప్‌టాప్ తెర లోపాల నిర్ధారణ

ల్యాప్‌టాప్ తెర లోపాల నిర్ధారణ అనగా కొన్నేళ్ళు వాడిన ల్యాప్‌టాప్ కంప్యూటరులో బొమ్మ సరిగా కనబడనప్పుడు దోషం ఏ భాగంలో ఉన్నదో కనుగొనే పద్ధతి. తెర చీకటి కావడం, మినుకుమినుకుమనడం, నిలువు గీతలు పడడం, రంగులు మారడం ఈ లోపాల ముఖ్య లక్షణాలు. పైకి ఒకేలా కనిపించే లక్షణానికి లోపల వేర్వేరు కారణాలు ఉండవచ్చు. తీగ వదులైతే తెర మొత్తం మార్పించడం, తెర నల్లబడింది కనుక ఫైళ్ళు కూడా పోయాయనుకొని కంప్యూటరును పాత సామానులో వేయడం తరచుగా జరిగే పొరపాట్లు. నిజానికి తెర చెడినంత మాత్రాన హార్డ్ డిస్కులోని సమాచారానికి ఏ హానీ జరగదు.

తెర నిర్మాణం

ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలుగునివ్వదు. వెనుకనుండి వచ్చే కాంతిని ద్రవస్ఫటికాల పొర కొన్నిచోట్ల అడ్డగించి, కొన్నిచోట్ల వదిలి బొమ్మను ఏర్పరుస్తుంది. ఈ వెనుక వెలుగునే బ్యాక్‌లైటు అంటారు. సుమారు 2010 వరకు చాలా ల్యాప్‌టాప్‌లలో ఇందుకు సన్నని ఫ్లోరోసెంట్ గొట్టాన్ని వాడేవారు. ఇది ట్యూబులైటుకు తమ్ముడి వంటిది. వెలగడానికి కొన్ని వందల వోల్టుల ఏకాంతర విద్యుత్తు కావాలి. బ్యాటరీ ఇచ్చేది తక్కువ వోల్టుల ఏకముఖ విద్యుత్తు కనుక, దానిని మార్చడానికి తెర దగ్గర ఇన్వర్టరు అనే చిన్న సర్క్యూటు బోర్డు ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఇళ్ళలో వాడే ఇన్వర్టరు చేసే పని కూడా ఇటువంటిదే. తరువాత ఎల్‌ఈడీ దీపాలు వచ్చి గొట్టాన్నీ, ఇన్వర్టరునూ తొలగించాయి. యాపిల్ సంస్థ 15 అంగుళాల మాక్‌బుక్ ప్రోలో 2007 జూన్‌లో ఎల్‌ఈడీ వెలుగును ప్రవేశపెట్టింది.

బొమ్మ గ్రాఫిక్స్ చిప్పులో తయారై, మడతబందు గుండా పోయే సన్నని తీగల కట్ట ద్వారా తెరకు చేరుతుంది. దోషం చిప్పులోనా, తీగలోనా, తెరలోనా, వెలుగులోనా అన్నదే ప్రశ్న.

బయటి మానిటరుతో పరీక్ష

అన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్ష ఇది. ల్యాప్‌టాప్‌ను వేరొక మానిటరుకు గాని, టీవీకి గాని కలిపి చూడాలి. అక్కడ బొమ్మ చక్కగా ఉంటే చిప్పు బాగున్నట్లే. లోపం తీగలోనో తెరలోనో ఉన్నది. అక్కడ కూడా అవే చుక్కలు, అవే గీతలు కనబడితే తెర మార్చడం వలన ప్రయోజనం ఉండదు. రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉన్న కొన్ని నమూనాలలో బయటి మానిటరు రెండవ చిప్పుకు కలిసి ఉంటుంది. అటువంటి వాటిలో ఈ పరీక్షను మాత్రమే నమ్మరాదు. ముఖ్యమైన ఫైళ్ళను మరొకచోట భద్రపరచుకోవడానికి కూడా ఇదే మంచి సమయం.

కంప్యూటరు మొదలయ్యేటప్పుడు కనిపించే బయోస్ తెరపై కూడా లోపం ఉంటే అది డ్రైవరు సాఫ్టువేరు వలన వచ్చినది కాదు. విండోస్ తెరుచుకున్న తరువాతనే వస్తే మొదట డ్రైవరును అనుమానించాలి.

టార్చిలైటు పరీక్ష

తెర పూర్తిగా నల్లగా ఉండి, కంప్యూటరు పనిచేస్తున్న శబ్దం వస్తుంటే, చీకటి గదిలో టార్చిలైటును తెరపైకి ఏటవాలుగా వేసి చూస్తారు. లీలగా ఐకాన్లు, అక్షరాలు కనబడితే బొమ్మ ఉన్నది, వెలుగు మాత్రమే పోయినది అని అర్థం. పాత గొట్టపు తెరలలో ఇన్వర్టరు లేదా గొట్టం ఇందుకు కారణం. రెంటినీ వేరుచేయడానికి ఒక గుర్తు ఉన్నది: గొట్టం ముసలిదైతే ఆరిపోవడానికి చాలా రోజుల ముందునుండే, మొదలైన కొన్ని నిముషాలపాటు తెర ఎర్రగా లేదా గులాబీ రంగులో ఉంటుంది. అటువంటి సూచన లేకుండా హఠాత్తుగా ఆరిపోతే ఇన్వర్టరును ముందు చూడాలి. మూత మూసినట్లు గుర్తించే అయస్కాంత స్విచ్చు చెడినా తెర ఆరిపోతుంది. చిన్నదైన ఈ కారణాన్ని మెకానిక్కులు కూడా ఒక్కొక్కసారి మరచిపోతారు.

తీగ, తెర

మూతను మెల్లగా ముందుకు వెనుకకు కదిపినప్పుడు బొమ్మ వచ్చి పోతుంటే మడతబందు దగ్గర తీగ నలిగినట్లు, లేదా దాని కనెక్టరు వదులైనట్లు భావించవచ్చు. వేలసార్లు తెరిచి మూసిన ల్యాప్‌టాప్‌లలో ఇది సహజం. మూతను కదిపినా మారని, ఒకేచోట నిలిచిన సన్నని నిలువు గీత సాధారణంగా తెర అంచున ఉండే అతుకుల లోపం. దానికి తెర మార్చడమే మార్గం. టీఎన్ రకపు తెర మొత్తం తెల్లగా వెలిగితే, వెలుగు ఉన్నది గాని బొమ్మ సంకేతం రావడం లేదని తెలుస్తుంది.

గ్రాఫిక్స్ చిప్పు లోపాలు

బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదరడం, వేడెక్కిన కొద్దీ ఎక్కువ కావడం చిప్పు లోపానికి లక్షణాలు. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ 2008 నాటిది. ఆ ఏడాది జూలైలో ఎన్‌విడియా సంస్థ, తన కొన్ని ల్యాప్‌టాప్ చిప్పులలో వాడిన పదార్థాలు బలహీనంగా ఉన్నాయని తెలిపి, వారంటీ ఖర్చుల కోసం 15 నుండి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్లు ప్రకటించింది. 2011లో వచ్చిన కొన్ని మాక్‌బుక్ ప్రోల గ్రాఫిక్స్ లోపాలకు యాపిల్ 2015 ఫిబ్రవరిలో ఉచిత మరమ్మతు పథకం ప్రారంభించింది.

ఇటువంటి చిప్పును వేడిగాలితో కాల్చి బాగుచేసే పద్ధతి ఒకటి దుకాణాలలో ఉన్నది. దానివలన కొన్ని రోజులో, వారాలో బొమ్మ రావచ్చు గాని లోపం పోదు. పగులు చాలావరకు చిప్పు లోపలి అతుకులలో ఉంటుంది. పైనుండి ఇచ్చే వేడి దానిని తాత్కాలికంగా మాత్రమే కలుపుతుంది. ఆ మరమ్మతుకు పూర్తి ఖర్చు పెట్టడం తెలివైన పని కాదు.

జాగ్రత్తలు

మూత విప్పే ముందు చార్జరును తీసివేసి, బ్యాటరీని కూడా వేరుచేయాలి. పనిచేస్తున్న ఇన్వర్టరును తాకితే గట్టి షాకు తగులుతుంది. ఫ్లోరోసెంట్ గొట్టంలో కొద్దిగా పాదరసం ఉంటుంది కనుక పగిలిన ముక్కలను ఒట్టి చేతులతో ఏరరాదు, గదికి గాలి ఆడేలా కిటికీలు తెరవాలి. కొత్త తెరను కొనేటప్పుడు ల్యాప్‌టాప్ పేరును కాక, పాత తెర వెనుక అతికించిన చీటీపై ఉండే నమూనా సంఖ్యను చూపాలి. ఒకే పేరుతో అమ్మిన ల్యాప్‌టాప్‌లలోనూ వేర్వేరు కనెక్టర్లున్న తెరలు ఉంటాయి.