మంగళగిరి ప్రధాన రహదారి: ట్రంకు రోడ్డు నుండి ఆరు వరుసల జాతీయ రహదారి వరకు

గుంటూరు జిల్లాలోని మంగళగిరి విజయవాడకు సుమారు 12 కి.మీ., గుంటూరుకు సుమారు 20 కి.మీ. దూరంలో, చెన్నై - కోల్‌కతా ప్రధాన మార్గంపై ఉన్నది. ఈ మార్గం దశాబ్దాలుగా విస్తరిస్తూ పట్టణం నడిబొడ్డు నుండి వెలుపలికి జరిగిన క్రమమే మంగళగిరి నగరాభివృద్ధి చరిత్ర.

ట్రంకు రోడ్డు కాలం

మద్రాసు నుండి ఉత్తరాదికి సాగిన ఈ మార్గం గ్రేట్ నార్తరన్ ట్రంక్ రోడ్డు, సంక్షిప్తంగా జి.ఎన్.టి. రోడ్డుగా ప్రసిద్ధి చెందినది. 1893లో కృష్ణా నదిపై రైలు వంతెన ఏర్పడినప్పటికీ, విజయవాడ వద్ద రోడ్డు వంతెన లేనందున మంగళగిరి మీదుగా వచ్చే బండ్లు, వాహనాలు నదీ తీరాన ఆగవలసి వచ్చేది.

1855 నాటి ఆనకట్ట స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957లో ప్రారంభమగుటతో ఈ అవరోధం తొలగినది. 1223.5 మీటర్ల పొడవు గల ఈ బ్యారేజి సాగునీటితో పాటు రోడ్డు మార్గాన్ని కూడా అందించినది. ఫలితంగా చెన్నై వైపు నుండి వచ్చే లారీలు, బస్సులు మంగళగిరి పట్టణం గుండా, తాడేపల్లి, సీతానగరం మీదుగా విజయవాడ చేరుకునేవి. ఈ రహదారికి 5వ నెంబరు జాతీయ రహదారి హోదా లభించినది.

పట్టణం వెలుపలికి

1990వ దశకంలో బ్యారేజికి దిగువన కనకదుర్గ వారధి అందుబాటులోకి రావడంతో భారీ వాహనాలు ఆ మార్గానికి మళ్లినవి. జాతీయ రహదారి పట్టణం వెలుపలగా సాగుతున్నది. స్వర్ణ చతుర్భుజి పథకం చెన్నై - కోల్‌కతా భాగంలో ఇది నాలుగు వరుసల రహదారిగా అభివృద్ధి చెందినది. ఆరు వరుసల విస్తరణకు ఉద్దేశించిన జాతీయ రహదారుల అభివృద్ధి పథకం 5వ దశ క్రింద, మంగళగిరి మీదుగా సాగే చిలకలూరిపేట - విజయవాడ భాగం, సుమారు 82 కి.మీ. మేర చేపట్టబడినది. మండలంలోని కాజ వద్ద టోల్ ప్లాజా ఏర్పాటైనది. 2010లో జాతీయ రహదారుల నెంబర్ల పునర్వ్యవస్థీకరణలో ఇది 16వ నెంబరు జాతీయ రహదారిగా మారినది.

పాత రహదారి - నేటి బజారు

పట్టణం గుండా సాగే పాత రహదారి నేడు గౌతమ బుద్ధ రోడ్డుగా వ్యవహరింపబడుచున్నది. దూరప్రాంత వాహనాలు తగ్గినా దీని ప్రాధాన్యం తగ్గలేదు. గుంట మగ్గాలపై నేసే, నిజాం అంచుకు పేరుగాంచిన మంగళగిరి చీరల దుకాణాలు ఈ రోడ్డు వెంబడి ఉన్నవి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 19వ శతాబ్ది తొలినాళ్లలో నిర్మింపజేసిన 11 అంతస్తుల గాలిగోపురం, కొండపై పానకాల స్వామి సన్నిధి దర్శనార్థం వచ్చే భక్తులకు ఇదే మార్గం. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల వేళ ఇక్కడ రద్దీ ఇనుమడిస్తుంది. లారీలు తొలగిన రోడ్డు పట్టణవాసులకు బజారుగా మిగిలినది.

రహదారి వెంట నగరం

అయితే వెలుపలికి జరిగిన రహదారిని పట్టణం అనుసరించినది. 1976లో ప్రారంభమైన నాగార్జున విశ్వవిద్యాలయం మొదలు ఆటోనగర్, చినకాకాని వద్ద వైద్య కళాశాల వంటివి జాతీయ రహదారి వెంబడి వెలసినవి. 2015లో అమరావతి రాజధాని నగరానికి శంకుస్థాపన జరిగిన అనంతరం కార్యాలయాలు, గృహ సముదాయాలు పెరిగినవి. 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమైన మంగళగిరి ఎయిమ్స్‌కు వచ్చే రోగులకూ ఈ రహదారే ప్రధాన ఆధారం. మంగళగిరి, తాడేపల్లి పురపాలక సంఘాలు 2021లో విలీనమై నగరపాలక సంస్థగా ఏర్పడినవి. ఆ విధంగా పట్టణానికి వెలుపల వేసిన మార్గం నగరం మధ్యకు చేరినది.

దీనితో దూరప్రాంత వాహనాల వేగం, రోడ్డు దాటవలసిన స్థానికుల భద్రత ఒకేచోట ఎదురుపడుచున్నవి. సర్వీసు రోడ్లు, అండర్‌పాస్‌ల ఆవశ్యకతకు మూలం ఇదే.

విజయవాడ నగరంలోకి ప్రవేశించకుండా దూరప్రాంత వాహనాలను మళ్లించేందుకు చినఅవుటపల్లి నుండి గొల్లపూడి మీదుగా చినకాకాని వరకు పశ్చిమ బైపాస్ రూపొందించబడినది. ఇందులో గొల్లపూడి - చినకాకాని భాగం 17.88 కి.మీ.; కృష్ణా నదిపై వంతెన ఈ భాగంలోనిదే. ట్రంకు రోడ్డు బజారుగా, బైపాస్ నగర వీధిగా మారిన మంగళగిరి అనుభవం దృష్ట్యా, కొత్త మార్గం ఇరువైపులా భూవినియోగాన్ని ముందుగానే క్రమబద్ధం చేయడం రహదారి నిర్మాణమంత ముఖ్యమైనది.