వకాల్తా

“మధ్యలో నీ వకాల్తా ఏమిటి?” అని, అడగకుండా తగువులో తలదూర్చినవాణ్ణి కసురుతాం. మాట అరబ్బీది. వకీల్ అంటే మన పని అప్పగించిన మనిషి, వకాలత్ ఆ అప్పగింత. పత్రం అనే అర్థమున్న పారశీక ‘నామా’ చేరితే వకాలత్‌నామా. లారీ గుద్ది కాలు విరిగినవాడు నష్టపరిహారం కేసుకు ప్లీడర్ని పెట్టుకుంటే, ముందు ఆ కాగితం మీద సంతకమో వేలిముద్రో వేస్తాడు. అది చేతికొచ్చాకే ప్లీడరు అతని తరఫున లేచి మాట్లాడేది. ఇంత నమ్మకమున్న మాటను ఎత్తిపొడుపు చేసింది మనమే! మనోవర్తి, విడాకులు తేల్చే ఫ్యామిలీ కోర్టులో మాత్రం వకీలును పెట్టుకోవడం హక్కు కాదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ఆ మాటే చెబుతోంది.