తిరగలి పిడి చెప్పే చరిత్ర

మీ ఇంటి అటక మీదనో, పెరట్లోనో ఒక తిరగలి ఉండి ఉండవచ్చు. లేదా చేతితో తిప్పే కాఫీ గింజల మర, సేమియా మర ఉండవచ్చు. వాటిని చూసినవారు మీలో చాలామంది ఉంటారు, తిప్పినవారు తక్కువ. ఈ మధ్య నగరాల్లో ఇటువంటి పాత సామానును శుభ్రం చేసి మళ్ళీ వాడటం ఒక ముచ్చటగా మారింది. అందులో తప్పేమీ లేదు. అయితే చరిత్ర చదివే విద్యార్థికి ఈ ముచ్చటలో మరొక ప్రయోజనం కూడా ఉంది. రాజులు ఇచ్చిన దానాల గురించి శాసనాలు ఉన్నాయి గాని, ఆ రాజుల భోజనానికి పిండి విసిరిన స్త్రీల గురించి శాసనాలు దాదాపు లేవు. వారి శ్రమ ఎంతటిదో తెలుసుకోవడానికి మనకు మిగిలిన ఆధారాలలో ముఖ్యమైనది ఆ పనిముట్టే.

ముందుగా మొహెంజోదారోకు వెళ్దాం. 1927 నుంచి 1931 వరకు అక్కడ తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మకే తన నివేదికలో విసురురాళ్ల గురించి రాశాడు. పన్నెండవ తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. చరిత్ర పుస్తకంలో ఆ భాగం ఉంది, చూడండి. అక్కడ దొరికిన రాళ్లు గుండ్రంగా తిరిగేవి కావు. గుర్రపు జీనులా నడుమ పల్లంగా అరిగిన పెద్ద రాయి, దానిపై ముందుకూ వెనుకకూ నెట్టే చిన్న రాయి, ఇంతే. అడుగు భాగం ఉబ్బెత్తుగా ఉండటం వల్ల కదలకుండా మట్టిలో పాతి వాడేవారని మకే ఊహ. మరో రకం రాళ్లలో పొత్రంతో దంచిన గుంట కనిపించింది. వీటికి తవ్వకపు కూలీలు ‘కూర రాళ్లు’ అని పేరు పెట్టారట. మ్యూజియంలోంచి ఒకటి ఇప్పిస్తే వంటింట్లో వాడుకుంటానని వంటవాడు అడిగాడట కూడా! నాలుగు వేల ఏళ్లు దాటిన రాయిని చూడగానే దాని పని అతనికి తెలిసిపోయింది. మన ఇళ్లలో సన్నికల్లు ఉన్నంతకాలం ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

ముందుకూ వెనుకకూ నెట్టి విసరడం శరీరాన్ని ఎంత పీడిస్తుందో మన దేశం బయటి ఉదాహరణ ఒకటి చెబుతుంది. సిరియాలోని అబూ హురైరా అనే నవీన శిలాయుగపు గ్రామంలో దొరికిన అస్థిపంజరాలను థియా మోల్సన్ అనే శాస్త్రవేత్త పరిశీలించి, 1994లో ఫలితాలు ప్రకటించారు. కాలి బొటనవేళ్ల దగ్గర, మోకాళ్లలో, నడుములో ఎముకలు దెబ్బతిని ఉన్నాయి. ఇవి ఎక్కువగా స్త్రీల ఎముకల్లోనే కనిపించాయి. మోకాళ్ల మీద కూర్చుని, కాలివేళ్లు నేలకు అదిమి, రోజూ గంటల తరబడి విసరడమే ఇందుకు కారణమని ఆమె నిర్ణయించారు. పేరు కూడా మిగలని స్త్రీల దినచర్య వారి ఎముకల్లో మిగిలింది.

ఇక తిరిగే తిరగలి. మన దేశంలో క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటికి ఇది వాడుకలోకి వచ్చింది. దక్కనులో శాతవాహన కాలపు పొరల్లో తిరగలి రాళ్లు దొరుకుతాయి. మహారాష్ట్రలోని నెవాసాలో తవ్వకాలు జరిపిన హెచ్.డి. సంకాలియా 1959లో మన తిరగళ్ల మీదనే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. పురావస్తు శాస్త్రవేత్త వంటింటి రాయికి ఇచ్చిన ఆ గౌరవం నాకెంతో నచ్చుతుంది.

తిరగలిలో మార్పు చిన్నదే. కింది రాయి కదలదు. దాని నడుమ ఇరుసు. పై రాతి నడుమ రంధ్రంలో గింజలు పోస్తే, అవి రాళ్ల మధ్య నలుగుతూ అంచువైపు జరిగి పిండిగా రాలతాయి. పై రాతి అంచు దగ్గర నిలువుగా ఒక కర్ర పిడి ఉంటుంది. నెట్టుడు రాయిలో ప్రతిసారీ చేతి కదలికను ఆపి, వెనక్కి మళ్లించాలి. ఇక్కడ ఆ ఆపడం లేదు. పిడి నడిమికి ఎంత దూరంగా ఉంటే తిప్పడానికి అంత తక్కువ బలం చాలు. కాని చెయ్యి తిరగవలసిన దూరం పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. పిడి నడిమి నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే ఒక్క చుట్టుకు చెయ్యి సుమారు 94 సెంటీమీటర్లు తిరుగుతుంది. వెయ్యి చుట్లకు దాదాపు కిలోమీటరు! కూర్చున్న చోటనే చెయ్యి ఊరు దాటి వెళ్లినట్లు.

ఆ దూరాన్ని స్త్రీలు పాటలతో దాటారు. మన తిరగటి పాటలు, మహారాష్ట్రలో ‘జాత్యావరచ్యా ఓవ్యా’ అనే పాటలు అలా పుట్టినవే. హేమా రాయిర్కర్, గై పోయ్‌ట్వాఁ అనే పరిశోధకులు తమ బృందంతో మహారాష్ట్ర పల్లెల్లో తిరిగి అటువంటి పాటలు లక్షకు పైగా సేకరించారు. 2017 నుంచి వాటిని పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా అందరికీ అందుబాటులోకి తెస్తోంది. వాటిలో సీత వనవాసం ఉంది, పుట్టింటి బెంగ ఉంది, అంబేద్కర్ మీద అభిమానం ఉంది. తెల్లవారుజామున ఇల్లంతా నిద్రలో ఉన్నప్పుడు పాడినవి కనుక, పగలు నోరెత్తని మాటలు కూడా ఉన్నాయి. అయితే పాట తియ్యగా ఉంది కనుక పని కూడా తియ్యగా ఉండేదని అనుకోకండి.

1934లో గాంధీజీ ఆధ్వర్యంలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. దాని బాధ్యత జె.సి. కుమరప్ప చేపట్టారు. మర పిండి కన్నా చేతితో విసిరిన పిండి ఆరోగ్యానికి మంచిదనీ, మరలు పల్లెవారి ఉపాధిని తింటున్నాయనీ సంఘం వాదించింది. వార్ధాలో 1938లో గాంధీజీ ప్రారంభించిన మగన్ సంగ్రహాలయంలో గ్రామ పరిశ్రమల పనిముట్లను ప్రదర్శనకు పెట్టారు. వారి వాదనలో బలం ఉంది. కాని ఒక ప్రశ్న వేయక తప్పదు: ఉపాధి అంటే కూలి వచ్చే పని. మరి కూలి లేకుండా ఇంట్లో రోజూ విసిరే కోడలికి, పిండి మర వరమా, శాపమా? ఊళ్లోకి పిండి మర వచ్చినప్పుడు చాలామంది స్త్రీలు తిరగలిని పెరట్లోకి నెట్టారు. వారు ఇచ్చిన జవాబు అది.

తరువాతి కథ వేగంగా సాగింది. కోయంబత్తూరులో 1950ల నడుమ కరెంటు రుబ్బురోలు తయారైంది. 1963లో సత్యప్రకాశ్ మాథుర్ సుమీత్ మిక్సీకి శ్రీకారం చుట్టారు. విదేశీ మిక్సీలు మన పప్పు రుబ్బడానికి, పసుపు కొమ్ములు పొడి చేయడానికి తయారైనవి కావు మరి. 2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండర్, ఫ్యాను ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. వంటింటి శ్రమ ఎన్నికల వాగ్దానమయింది. అదే ఏడాది జనగణన ప్రకారం దేశంలో నూటికి 67 ఇళ్లలోనే కరెంటు దీపం వెలుగుతోందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ అటక మీది వస్తువును కిందికి దించండి. తిరగలి అయితే పై రాయి ఒక్కరే ఎత్తవద్దు. రెండు రాళ్ల ముఖాలూ చేతితో తడిమి చూడండి. నున్నగా ఉంటే కక్కు కొట్టించాలి, అంటే ఉలితో సన్నని గంట్లు పెట్టించాలి. ‘రోళ్లకు కక్కు కొడతాం’ అంటూ వీధుల్లో తిరిగిన వడ్డెరల పని ఇదే. ఆ పని తెలిసినవారు ఇప్పుడు అరుదు. దొరికితే పక్కన కూర్చుని చూసి రాసుకోండి. కక్కు కొట్టాక మొదట నూకలు నాలుగైదు సార్లు విసిరి పారబోయాలి. పిండిలో ఇసుక తగలడం మానేదాకా తినేవి వేయకూడదు.

ఇనుప కాఫీ మర అయితే విప్పేటప్పుడు ప్రతి భాగాన్నీ విప్పిన వరుసలోనే పేర్చుకోండి. లోపల పళ్లున్న రెండు ఇనుప ముక్కలు కనిపిస్తాయి. ఒకటి కదలదు, ఒకటి తిరుగుతుంది. తిరగలే ఇనుముగా మారి ఇందులో కూర్చుంది! తుప్పును చింతపండు పులుసుతోగాని నిమ్మరసంతోగాని రుద్ది, కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టాలి. తిండి తగిలేచోట వంటనూనె పూత చాలు, మిషను నూనె పనికిరాదు. పాత రంగును మాత్రం గీకవద్దు, అందులో సీసం ఉండవచ్చు.

తరువాత ఒక కిలో గోధుమలు విసరండి. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని చుట్లు తిప్పారు, ఎన్నిసార్లు చెయ్యి మార్చారు, రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని నాయనమ్మనో అమ్మమ్మనో అడగండి: ఇంట్లో ఎందరుండేవారు, ఎవరు విసిరేవారు, ఎన్ని గంటలకు లేచేవారు, ఆ పని ఎప్పుడు మానేశారు అని. మీ లెక్కనూ, ఆమె మాటనూ పక్కపక్కన పెడితే మీ ఇంటి చరిత్రలో ఎక్కడా రాయని ఒక పుట తయారవుతుంది.

చివరగా ఒక జాగ్రత్త. పాత పిడి ఒక వైపు అరిగి ఉంటే కొత్తదానిలా చెక్కించకండి. ఆ అరుగుదల ఒక మనిషి పట్టు. పిడి విరిగిపోయి కొత్తది వేయించక తప్పకపోతే, ఏ భాగం కొత్తది, ఏ తేదీన వేశారో ఒక చీటీ మీద రాసి, పాత ముక్కతో కలిపి గుడ్డలో కట్టి తిరగలి పక్కనే ఉంచండి.